కారు తుప్పు: నివారణ, తొలగింపు

ఇనుముకు నీరు, గాలిలోని ఆక్సిజన్ తోడైతే తుప్పు పుడుతుంది. ఉప్పు దాన్ని వేగిరపరుస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న జగ్గయ్యపేట, నందిగామలు కృష్ణా మెట్టప్రాంతపు ఊళ్లు. సముద్రానికి దూరం కాబట్టి మచిలీపట్నం వైపు ఉండే ఉప్పుగాలి బెడద వీటికి తక్కువ. ఇక్కడి చిక్కులు వేరు: దుమ్ము, వరద.

జగ్గయ్యపేట చుట్టుపక్కల సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. సిమెంటుది క్షారగుణం, నిజానికి కాంక్రీటులోని ఊచలను తుప్పు నుంచి కాపాడేది ఆ గుణమే. కారు మీద పడ్డ దుమ్ము మాత్రం మంచుకు తడిసి గట్టిపడి రంగును పాడుచేస్తుంది. డోర్ల అడుగునున్న రంధ్రాలు దుమ్ముతో పూడుకుంటే నీరు లోపలే నిలుస్తుంది. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు నీళ్లు ధారగా పోయాలి.

2023 జులైలో మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిని ముంచెత్తింది. అలాంటి నీటిలో నిలిచిన కారును పైపైన కడిగితే చాలదు. సీట్లు, కార్పెట్లు తీసి నేలరేకును పూర్తిగా ఆరబెట్టాలి.

రంగు బొబ్బలెక్కిన చోట వైర్ బ్రష్, ఎమరీ కాగితంతో మెరిసే లోహం తేలేదాకా గీకాలి. గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లమున్న ద్రావణం పూస్తే అది ఐరన్ ఫాస్ఫేటుగా మారుతుంది. ఆపైన ప్రైమర్, పుట్టీ, రంగు. తుప్పు మీదే పుట్టీ పెట్టించడం డబ్బు దండగ. చిల్లి పడితే ఆ రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాల్సిందే. చాసిస్‌కో బ్రేకు గొట్టాలకో తుప్పు పడితే సొంత వైద్యం మాని మెకానిక్‌కు చూపించండి.