ఆస్టియాయిడ్ ఆస్టియోమా: రాత్రివేళ వేధించే వెన్నునొప్పికి ఓ అరుదైన కారణం

ఆస్టియాయిడ్ ఆస్టియోమా ఎముకలో ఏర్పడే చిన్న కణితి. ఇది క్యాన్సర్ కాదు, ఇతర అవయవాలకు వ్యాపించదు. అయితే ఎదిగే వయసులో వెన్నెముకకు సోకి, సకాలంలో బయటపడకపోతే వెన్ను శాశ్వతంగా వంగిపోయే ప్రమాదముంది. అమెరికా పాథాలజిస్టు హెన్రీ జాఫే 1935లో దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించారు.

ఎవరిలో, ఎక్కడ?

ఈ కణితి ప్రధానంగా 10 నుంచి 25 ఏళ్ల వయసువారిలో, బాలికలకంటే బాలురలో అధికంగా కనిపిస్తుంది. ఎక్కువగా కాళ్ల పొడవాటి ఎముకల్లో వస్తుంది. సుమారు పదింట ఒకటి వెన్నెముకలో, అందులోనూ నడుము భాగంలో ఏర్పడుతుంది. సాధారణంగా వెన్నుపూస వెనుక భాగమే దీని స్థానం. కణితి కేంద్రాన్ని ‘నైడస్’ అంటారు. లాటిన్‌లో ఈ మాటకు గూడు అని అర్థం. దీని పరిమాణం సాధారణంగా 1.5 సెంటీమీటర్లు మించదు. 2 సెంటీమీటర్లు దాటిన కణితిని ఆస్టియోబ్లాస్టోమాగా పరిగణిస్తారు.

లక్షణాలు

నైడస్ నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు అధికంగా విడుదలవుతాయి. నొప్పికి ఇవే మూలం. రాత్రివేళ తీవ్రమయ్యే ఈ నొప్పి, ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకునే ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వంటి మందులతో చాలామందిలో తగ్గుతుంది. వ్యాధి నిర్ధారణకు ఇదొక ఆధారం. కానీ మాత్రతో ఉపశమనం లభిస్తోందన్న ధీమాతో పరీక్షలు వాయిదా పడే అవకాశమూ ఉంది.

నొప్పి వల్ల ఒకవైపు కండరాలు బిగుసుకొని వెన్ను పక్కకు వంగుతుంది. కౌమారంలో సాధారణంగా వచ్చే పార్శ్వగూనిలో తీవ్రమైన నొప్పి ఉండదు. కనుక నొప్పితో కూడిన గూనిని హెచ్చరికగా భావించాలి.

నిర్ధారణ

వెన్నుపూసల నిర్మాణం సంక్లిష్టం కావడంతో సాధారణ ఎక్స్‌రేలో కణితి కనిపించకపోవచ్చు. ఎంఆర్ఐలో చుట్టుపక్కల వాపు ప్రస్ఫుటంగా కనిపించి, ఇన్ఫెక్షన్‌గానో మరో కణితిగానో పొరబడే వీలుంది. నైడస్‌ను స్పష్టంగా చూపేది పలుచని పొరలుగా తీసే సీటీ స్కాన్.

చికిత్స

కొందరిలో కణితి కొన్నేళ్లకు దానంతటదే శాంతిస్తుంది. అయితే నొప్పి మందుల దీర్ఘకాలిక వాడకం జీర్ణాశయానికి, మూత్రపిండాలకు చేటు చేయవచ్చు. పిల్లలకు వైద్యుల సలహా లేకుండా ఆస్పిరిన్ ఇవ్వరాదు.

రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్ పద్ధతిలో, సీటీ సాయంతో సూదిని నైడస్‌లోకి పంపి, సుమారు 90 డిగ్రీల సెల్సియస్ వేడితో కొన్ని నిమిషాల్లో దానిని నిర్జీవం చేస్తారు. పెద్ద కోత అవసరం ఉండదు. కణితి వెన్నుపాముకు లేదా నరాలకు మరీ చేరువలో ఉంటే, వేడి వల్ల అవి దెబ్బతినే ముప్పు దృష్ట్యా శస్త్రచికిత్సతో నైడస్‌ను పూర్తిగా తొలగిస్తారు. కొంత భాగం మిగిలితే నొప్పి తిరగబెట్టవచ్చు.

జాప్యమే ప్రమాదం

లక్షణాలు మొదలైన సుమారు 15 నెలల లోపు కణితిని తొలగిస్తే వెన్ను వంపు చాలావరకు సరవుతుందని 1986లో వెలువడిన ఒక అధ్యయనం సూచించింది. ఆలస్యమైతే, నొప్పి పోయినా వంపు మిగిలిపోవచ్చు. కాబట్టి పిల్లల్లో వారాల తరబడి నిద్ర చెడగొట్టే వెన్నునొప్పిని పుస్తకాల సంచి బరువుకో, ఆటల్లో తగిలిన దెబ్బకో ఆపాదించి ఊరుకోకుండా ఎముకల వైద్యులను సంప్రదించాలి.