తండ్రి జీతం, దాదా నోట్లకట్ట: బ్రాంక్స్‌లో ఒక పేట చరిత్ర

న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో బెల్‌మాంట్ ఒక చిన్న పేట. దానికి ఉత్తరాన ఫోర్డామ్ విశ్వవిద్యాలయం, తూర్పున బ్రాంక్స్ జంతు ప్రదర్శనశాల. పేట నడిబొడ్డున ఆర్థర్ అవెన్యూ, 187వ వీధి కలుస్తాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ కాలం ఇది దక్షిణ ఇటలీ నుంచి వలస వచ్చిన వారి పేట. ఇక్కడ పెరిగిన మగపిల్లల కళ్లెదుట ఇద్దరు పెద్దలు ఉండేవారు. తెల్లవారకముందే పనికి బయలుదేరే తండ్రి ఒకరు, వీధి మూలన కూర్చుని పేటను శాసించే దాదా మరొకరు. ఈ ఇద్దరి మధ్య నలిగిన బాలుడి కథను ఇదే పేటలో పెరిగిన చాజ్ పాల్మింటెరి ‘ఎ బ్రాంక్స్ టేల్’ పేరుతో 1989లో ఏకపాత్ర నాటకంగా ప్రదర్శించాడు. 1993లో రాబర్ట్ డి నీరో దాన్ని సినిమాగా తీశాడు. దర్శకుడిగా అతనికి అదే మొదటి చిత్రం. కథ ఒక ఇంటిదే అయినా, ఆ పిల్లవాడిని రెండు వైపులకూ లాగిన బలాలు పేట చరిత్రలో పుట్టినవి.

పేట పుట్టుక

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ నేల పొగాకు వ్యాపారంలో గడించిన లోరిలార్డ్ కుటుంబానికి చెందిన ఎస్టేటు. పేటకు బెల్‌మాంట్ అన్న పేరు ఆ ఎస్టేటు నుంచే వచ్చింది. ఆర్థర్ అవెన్యూకు అమెరికా అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ పేరు పెట్టారు. ఎస్టేటు స్థలాలుగా విడిపోయి వీధులు పడుతున్న రోజుల్లోనే చుట్టుపక్కల పెద్ద పనులు మొదలయ్యాయి. 1891లో వృక్షశాస్త్ర ఉద్యానం ఏర్పడింది, 1899లో జంతు ప్రదర్శనశాల తెరుచుకుంది, జెరోమ్ పార్క్ జలాశయం తవ్వకం సాగింది. మట్టి తవ్వడానికీ రాయి పేర్చడానికీ వేల చేతులు కావలసి వచ్చాయి. అవి కలాబ్రియా, కంపానియా, సిసిలీ పల్లెల నుంచి వచ్చాయి. నగరం మధ్య నుంచి ఫోర్డామ్ దాకా మూడో అవెన్యూ వెంట సాగిన ఎత్తురైలు మాన్‌హటన్ ఇరుకు గదుల్లోని కుటుంబాలను ఇటు చేర్చింది.

తమకంటూ ఒక గుడి ఉండాలని వారు 1906లో మౌంట్ కార్మెల్ మాత పారిష్‌ను నెలకొల్పుకున్నారు. 1918లో మడోనియా రొట్టెల బట్టీ, 1919లో మారియోస్ హోటలు వెలిశాయి. అంతకు ముందే, 1915లో, ఆస్ట్రియా నుంచి వచ్చిన యూదు కుటుంబం టైటెల్ బ్రదర్స్ అనే కిరాణా దుకాణం తెరిచింది. కొనేవారంతా ఇటాలియన్ కేథలిక్కులే. అయినా యజమాని తన మతం దాచుకోకుండా గుమ్మం ముందు నేలలో యూదుల ఆరు కోణాల నక్షత్రాన్ని పలకలతో పొదిగించాడు. ఇటాలియన్ గృహిణులు ఆ నక్షత్రం దాటి లోపలికి వెళ్లి చీజు, ఆలివ్ నూనె కొనుక్కునేవారు.

వీధుల్లో తోపుడు బండ్ల మీద కూరగాయలు, చేపలు, మాంసం అమ్మేవారు మంచులో, ఎండలో నిలబడేవారు. 1940లో మేయర్ ఫియొరెల్లో లా గార్డియా వారికోసం ఆర్థర్ అవెన్యూ మీద కప్పు వేసిన రిటైల్ మార్కెట్ కట్టించి, బండ్లవాళ్లను దుకాణదారులను చేశాడు. బ్రాంక్స్ తండ్రుల శ్రమకు నగరం ఇచ్చిన గుర్తింపుల్లో ఇది ముఖ్యమైనది.

దాదా ఎక్కడి నుంచి వచ్చాడు

వలస వచ్చినవారి మనసులో ప్రభుత్వం మీద నమ్మకం తక్కువ. 1861లో ఇటలీ ఏకమయ్యాక దక్షిణాది రైతుకు ప్రభుత్వమంటే పన్నుల అధికారి, బలవంతంగా సైన్యంలోకి లాక్కుపోయే సిపాయి. అమెరికాలోనూ వారికి ఎదురైంది వివక్షే. 1891లో న్యూ ఆర్లియన్స్‌లో గుంపు జైలు మీద పడి 11 మంది ఇటాలియన్లను చంపింది. పోలీసులలో ఇటాలియన్ భాష తెలిసినవారు బహు తక్కువ. తగాదా వస్తే ఠాణాకు వెళ్లడం కన్నా పలుకుబడి ఉన్న పెద్దమనిషి దగ్గరికి వెళ్లడమే మేలనుకున్నారు.

ఈ అపనమ్మకమే నేరగాళ్లకు పెట్టుబడి అయింది. 1900ల తొలినాళ్లలో ‘నల్ల చెయ్యి’ గుర్తుతో బెదిరింపు ఉత్తరాలు పంపి డబ్బు గుంజే ముఠాలు లేచాయి. వారు పీడించింది ఎక్కువగా సాటి ఇటాలియన్ దుకాణదారులనే. ఈ ముఠాల పని పట్టిన న్యూయార్క్ పోలీసు అధికారి జోసెఫ్ పెట్రొసీనో, దర్యాప్తు కోసం సిసిలీ వెళ్లి 1909 మార్చిలో పలెర్మోలో హత్యకు గురయ్యాడు. 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధం ఆ చిల్లర ముఠాలను సంపన్న సంస్థలుగా మార్చింది.

సామాన్యుడి కంచంలోకి కూడా దాదా చెయ్యి ఎలా పెట్టేవాడో చెప్పడానికి చీరో టెర్రనోవా ఉదంతం చాలు. ఇటాలియన్ వంటకు తప్పనిసరైన ఆర్టిచోక్ అనే కూరగాయ మీద అతను గుత్తాధిపత్యం సాధించాడు. కాలిఫోర్నియా నుంచి వచ్చే సరుకు తన మనుషుల ద్వారా, తాను చెప్పిన ధరకే కొనాలి. కాదన్నవాడికి దెబ్బలు తప్పేవి కావు. 1935 డిసెంబరు 21న లా గార్డియా తెల్లవారుజామున బ్రాంక్స్ టెర్మినల్ మార్కెట్‌కు వచ్చి, బూరలు ఊదించి, నగరంలో చిన్న ఆర్టిచోక్‌ల అమ్మకాన్ని నిషేధిస్తున్నట్టు ప్రకటించాడు. టెర్రనోవా పట్టు సడలింది, ధరలు దిగాయి, నిషేధం కొద్ది రోజుల్లోనే ఎత్తేశారు. టెర్రనోవా 1938లో చితికిపోయి చనిపోయాడు.

నంబర్ల ఆట

దాదా రోజువారీ ఆదాయానికి వెన్నెముక నంబర్ల పందెం. ఇది 1920లలో హార్లెంలో నల్లజాతివారి చేతుల్లో పెరిగింది. 1930ల మొదట్లో బ్రాంక్స్ బీరు వ్యాపారి డచ్ షుల్ట్జ్ బలవంతంగా దాన్ని ఆక్రమించాడు. 1935లో అతను హత్యకు గురయ్యాక ఇటాలియన్ ముఠాల వాటా పెరిగింది.

ఆట తేలిక. 000 నుంచి 999 వరకు ఏదో ఒక సంఖ్య మీద ఐదు సెంట్లయినా సరే కాయవచ్చు. చీటీ రాసుకునే మనిషి క్షౌరశాలకో, మిఠాయి కొట్టుకో, ఇంటి మెట్ల దగ్గరికో వచ్చేవాడు. గెలుపు సంఖ్యను ముఠా తేల్చదు. గుర్రప్పందేల మైదానంలో ఆ రోజు జనం కాసిన మొత్తం పత్రికల్లో అచ్చయ్యేది. ఆ మొత్తం 18,42,376 డాలర్లయితే గెలుపు సంఖ్య 376. అంకె బయటి నుంచి వస్తుంది కాబట్టి మోసం లేదని జనం నమ్మారు. మోసం లెక్కలోనే ఉంది. వెయ్యి సంఖ్యల్లో ఒక్కటే గెలుస్తుంది, గెలిచినవాడికి ఇచ్చేది మాత్రం సాధారణంగా డాలరుకు 600 వరకే. వెయ్యి డాలర్ల పందెంలో మిగిలిన 400 చీటీ రాసేవాడికీ, ముఠాకూ, కళ్లు మూసుకునే పోలీసుకూ పంపకం. తెలుగు పట్టణాలను దశాబ్దాలుగా పీడించిన మట్కా దీనికి సోదరి. బొంబాయిలో మొదలైన తొలినాళ్లలో మట్కా పందాలు న్యూయార్క్ నుంచి తంతి మీద వచ్చే పత్తి ధరల మీదే నడిచాయి.

పందెంలో పోగైన సొమ్ము అప్పుగా అదే వీధిలోకి తిరిగి వచ్చేది. ఈ వారం ఐదు డాలర్లు తీసుకుంటే వచ్చే వారం ఆరు కట్టాలి. అంటే వారానికి నూటికి ఇరవై వడ్డీ. బ్యాంకు గడప తొక్కనివ్వని కూలీకి ఆపదలో దొరికేది ఇదొక్కటే. ఇచ్చేటప్పుడు దాత, వసూలు చేసేటప్పుడు యముడు.

పిల్లవాడి కళ్లతో

తండ్రి పని పిల్లవాడికి కనపడదు. అది బస్సు డిపోలో, రేవులో, నగరం అవతల కట్టుబడి స్థలంలో జరుగుతుంది. సాయంత్రం ఇంటికి చేరేది అలసిన మనిషి, వారాంతానికి లెక్కపెట్టి సర్దవలసిన జీతం. దాదా మాత్రం పగలంతా ఇంటి ముందే ఉంటాడు. ఇస్త్రీ మడత నలగని సూటు, తళతళలాడే కారు, జేబులో నోట్లకట్ట. పెద్దలు అతన్ని చూసి టోపీ తీస్తారు, దుకాణదారు డబ్బు అడగడు. పిల్లవాడు సిగరెట్లు తెచ్చిపెడితే చేతిలో పడే చిల్లర, తండ్రి గంటసేపు చేసిన పనికి సమానం.

పాల్మింటెరి తండ్రి లొరెంజో బస్సు డ్రైవరు. కొడుకు 1952లో పుట్టాడు. తొమ్మిదేళ్ల ప్రాయంలో 187వ వీధిలో తన ఇంటి మెట్ల మీద కూర్చుని ఉండగా కళ్లెదుటే ఒక మనిషిని కాల్చి చంపడం చూశాడు. ఈ అనుభవం నుంచే నాటకం పుట్టింది. సినిమాలో కలోజెరో అనే పిల్లవాడు అనుమానితుల వరుసలో హంతకుడు సన్నీని చూసి కూడా గుర్తుపట్టనట్టు ఊరుకుంటాడు. కృతజ్ఞతతో సన్నీ అతన్ని చేరదీస్తాడు. బస్సు దారిలో నంబర్ల చీటీలు చేరవేస్తే అదనపు డబ్బు ఇస్తానని సన్నీ అన్నప్పుడు తండ్రి నిరాకరిస్తాడు. కొడుకు దాచుకున్న డబ్బును తీసుకెళ్లి దాదాకు తిరిగి ఇచ్చేస్తాడు. రోజూ లేచి పనికి పోయేవాడే అసలైన ధైర్యవంతుడని కొడుకుకు నచ్చజెప్పాలని చూస్తాడు.

ఈ కథ గొప్పతనం దాదాను బొమ్మ రాక్షసుడిగా చూపకపోవడంలో ఉంది. చదువుకోమని పిల్లవాడికి సన్నీ కూడా చెబుతాడు. కలోజెరో నల్లజాతి అమ్మాయిని ప్రేమించిన సంగతిలో తండ్రి కన్నా అతనే ఉదారంగా మాట్లాడతాడు. నల్లజాతివారి మీద దాడికి బయలుదేరిన మిత్రుల కారు నుంచి కుర్రవాణ్ని దింపి ప్రాణం కాపాడేదీ అతనే. ఆ మిత్రులు మంటల్లో పోతారు, చివరికి సన్నీ కూడా తాను చంపినవాడి కొడుకు చేతిలో హతమవుతాడు. దాదాల వల్ల పేట భద్రంగా ఉండేదని పాతకాపులు కొందరు ఇప్పటికీ అంటారు. ఆ భద్రత పేటలోని తెల్లవారికే. హద్దు దాటి వచ్చిన నల్లజాతి కుర్రాళ్లకు అక్కడ దొరికింది దెబ్బలు.

సినిమాలో తండ్రి పాత్ర డి నీరో వేశాడు, సన్నీ పాత్ర పాల్మింటెరి వేశాడు. హక్కులకు పెద్ద మొత్తాలు ఇస్తామని స్టూడియోలు వచ్చినా, చిత్రకథ తానే రాయాలి, సన్నీగా తానే నటించాలి అన్న షరతు అతను వదులుకోలేదు. డి నీరో ఒప్పుకున్నాకే చిత్రం మొదలైంది. 1993లోనే కన్నుమూసిన తన తండ్రికి, చిత్రకారుడైన రాబర్ట్ డి నీరో సీనియర్‌కు, ఆ సినిమాను అంకితం చేశాడు. 2016లో ఇదే కథ బ్రాడ్‌వే సంగీత నాటకమైంది.

ఇంకో ఇద్దరు కొడుకులు

అదే కాలంలో బ్రూక్లిన్‌లో హెన్రీ హిల్ అనే కుర్రవాడు రెండో దారి పట్టాడు. తండ్రి ఐరిష్ సంతతి ఎలక్ట్రీషియన్. ఇంటి ఎదుట వారియో ముఠా నడిపే టాక్సీ స్టాండు. పన్నెండేళ్లు నిండీ నిండకముందే హిల్ అక్కడ చిన్న పనులకు కుదిరాడు, బడి మానేశాడు. తండ్రి కొట్టిన దెబ్బలు అతన్ని ఇంటికి కాక ముఠాకే మరింత దగ్గర చేశాయి. 1980లో పట్టుబడి, సొంతవారి మీదే సాక్ష్యం చెప్పి, పేరు మార్చుకుని బతికాడు. నికొలస్ పిలెగ్గీ 1985లో అతని జీవితాన్ని పుస్తకంగా రాశాడు. 1990 నాటి ‘గుడ్‌ఫెల్లాస్’ సినిమాకు అదే ఆధారం.

బ్రూక్లిన్‌లోనే ఇటలీ నుంచి వచ్చిన చెప్పులు కుట్టే మనిషి కొడుకు ఫ్రాంక్ సెర్పికో పోలీసయ్యాడు. బ్రాంక్స్‌లో మఫ్టీ విధుల్లో ఉండగా, నంబర్ల పందెం నడిపేవారి నుంచి సాటి పోలీసులు నెలనెలా మామూళ్లు పుచ్చుకోవడం చూశాడు. అధికారులు పట్టించుకోకపోవడంతో సంగతి 1970 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్‌కు ఎక్కింది. అదే ఏడాది ఏర్పడిన నాప్ కమిషన్ ఆ మామూళ్ల వ్యవస్థను బయటపెట్టింది. కలోజెరో వంటి పిల్లలు పోలీసుల ముందు నోరు మెదపకపోవడానికి భయంతో పాటు ఈ అవినీతి కూడా కారణమే.

దాదాల అస్తమయం

1963లో ముఠా మనిషి జోసెఫ్ వలాచీ సెనెట్ కమిటీ ముందు ముఠాల లోగుట్టు బహిరంగంగా చెప్పాడు. 1970లో వచ్చిన రికో చట్టం, హత్య చేసినవాడితో పాటు సంస్థ నడిపిన పెద్దలనూ బోనెక్కించింది. 1986లో న్యూయార్క్ ముఠాల నాయకులు ఆ చట్టం కింద దోషులుగా తేలారు. మరోవైపు ప్రభుత్వమే పందెం వ్యాపారంలోకి దిగింది. రాష్ట్ర లాటరీ 1967లో వచ్చింది. 1980లో మూడంకెల రోజువారీ ఆట కూడా మొదలై వీధి చీటీకి గండి కొట్టింది.

1970లలో బ్రాంక్స్‌లో భవనాలు తగలబడ్డాయి. 1970, 1980 జనగణనల మధ్య ఆ ప్రాంతం సుమారు 3 లక్షల జనాన్ని కోల్పోయింది. మూడో అవెన్యూ ఎత్తురైలు 1973లో ఆగిపోయింది. బెల్‌మాంట్ మాత్రం నిలదొక్కుకుంది. సొంత ఇళ్లు, గుడి, పక్కనే విశ్వవిద్యాలయం, తరాలుగా నడిచే దుకాణాలు దాన్ని కాపాడాయి. తర్వాత అల్బేనియా, ప్యూర్టో రికో, మెక్సికో వారు వచ్చి అదే వీధుల్లో కొత్త కొట్లు తెరిచారు.

దాదాలు పేటకు విడిచివెళ్లిన వృత్తి ఒక్కటీ లేదు, పోగేసిన డబ్బు జైళ్లలో, కాల్పుల్లో కరిగిపోయింది. మడోనియా బట్టీలో రొట్టె ఇంకా కాలుతోంది, 1940 నాటి మార్కెట్ ఇంకా తెరిచే ఉంది. బెల్‌మాంట్‌ను బతికించింది పొద్దున్నే పనికి వెళ్లిన తండ్రులే. పిల్లలు ఆ దారి పట్టాలంటే తండ్రి కష్టానికి తగిన కూలి, ఆపదలో న్యాయమైన అప్పు, లంచం పుచ్చుకోని పోలీసు ఉండాలి. అవి లేని ప్రతి పేటలో వీధి మూలన కుర్చీ వేసుకోవడానికి ఒక దాదా సిద్ధంగా ఉంటాడు.