నత్తి చికిత్స : అన్వయ వ్యతిరేకముల చరిత్ర

నత్తి యనునది వాక్కునకు కలుగు అంతరాయములలో మిక్కిలి ప్రాచీనమైనది, సర్వదేశములందును కానవచ్చునది. మాట మొదటి ధ్వనియో అక్షరమో పలుమారు మరలి వచ్చుట, ఒక ధ్వని అతిదీర్ఘముగా సాగుట, పలుకవలసిన మాట తెలిసియు గొంతు కట్టువడినట్లు నిలిచిపోవుట - ఈ మూడును దాని ప్రధాన లక్షణములు. సాధారణముగా ఇది రెండవ యేటికిని ఐదవ యేటికిని మధ్య, శిశువు పదములను కూర్చి వాక్యములు చేయ నేర్చుకొను కాలమున పొడసూపును. దీనికి చెప్పబడిన చికిత్సలు లెక్కకు మిక్కిలి. వానిని వర్ణించి విడుచుట ఈ వ్యాసమున కుద్దేశము కాదు. ఫలానా చికిత్స వలన నత్తి పోయినదని చెప్పినవారు ఆ సంగతిని ఎట్లు తెలిసికొనిరి? వారి తెలివికి ప్రమాణమేమి? ఈ ప్రశ్నను చరిత్రక్రమమున విచారించుటయే ఇచట తలపెట్టిన పని.

మన తార్కికులు కార్యకారణ సంబంధమును నిర్ణయించుటకు అన్వయ వ్యతిరేకములను రెంటిని చెప్పిరి. కారణమున్నచోట కార్యముండుట అన్వయము. కారణము లేనిచోట కార్యము లేకుండుట వ్యతిరేకము. కేవలము అన్వయమును చూచి తృప్తిపడినచో అది కాకతాళీయమగు ప్రమాదము కలదు. కాకి వ్రాలిన క్షణముననే తాటిపండు రాలెను. కాకి వ్రాలకున్నను రాలెడిదేమో చూచినవారు లేరు. నత్తి చికిత్స చరిత్రలో చాలభాగము ఇట్లు అన్వయముతోడనే తృప్తిపడిన చరిత్ర. ఇందు వ్యతిరేకమును వెదకు ప్రయత్నము ఇటీవలిది.

ముందుగా మన దేశమును చూతము. సుశ్రుతుడు నిదానస్థానమున, వాతముతో కూడిన కఫము శబ్దవాహినులగు ధమనులను ఆవరించుట చేత మనుష్యులు మూకులు, మిన్మినులు, గద్గదులు నగుదురని చెప్పెను. మాట రానివాడు, ముక్కుతో పలుకువాడు, తడబడి పలుకువాడు అను ఈ విభాగము సూక్ష్మమైన పరిశీలనకు ఫలము. ఆయుర్వేదమున వాక్కునకు మేలుచేయు నోషధులలో వచ ముఖ్యమైనది. దానినే తెలుగువారు వస యందురు. వసకొమ్మును తేనెతోనో తల్లిపాలతోనో అరగదీసి శిశువు నాలుకకు రాయుట మన యిండ్లలో చిరకాలముగా నున్న ఆచారము. విరామము లేక మాటలాడువానిని వసపిట్ట యనుట ఈ విశ్వాసము మన భాషలో నెంత లోతుగా నాటుకొనినదో తెలుపుచున్నది. వస రాసిరి, బిడ్డ మాటలాడెను, అన్వయము కుదిరినది. వస రాయని బిడ్డలు ఏమైరను ప్రశ్న పుట్టలేదు. ఇది నిరపాయమైన ఆచారమని తలచుటకును వీలులేదు. వసయందలి ఆసరోన్ అను ద్రవ్యము హానికరమని తేలుటచే, ఆహార పదార్థములందు దాని వాడుకను అమెరికా ప్రభుత్వము 1968లో నిషేధించెను.

పాశ్చాత్యులకు ఈ విషయమున ఆప్తవాక్యము డెమాస్తనీసు కథ. క్రీస్తునకు పూర్వము నాల్గవ శతాబ్దమున నున్న ఆ గ్రీకు వక్త నోట గులకరాళ్ళుంచుకొని ఉపన్యాసములు వల్లించి తన వాగ్దోషమును పోగొట్టుకొనెనని ప్రసిద్ధి. దీనిని మనకు చెప్పినవాడు ప్లూటార్కు. అతడు డెమాస్తనీసునకు దాదాపు నాలుగు వందల యేండ్ల తరువాతి వాడు. ఫాలెరమ్ వాడగు డెమెట్రియస్ ఆ కథను వృద్ధుడైన డెమాస్తనీసు నోటనే విన్నట్లు చెప్పెనని ప్లూటార్కు వ్రాసెను. ఇందు దోషముగా చెప్పబడినది అస్పష్టోచ్చారణమే కాని నత్తియని నిశ్చయించుటకు తగినంత ఆధారము లేదు. అయినను ఒక్క వ్యక్తిని గూర్చిన ఈ యొక్క కథ రెండువేల యేండ్లకు పైగా నత్తికి మందుగా చెల్లినది.

పందొమ్మిదవ శతాబ్దమున కథలకు మారుగా సిద్ధాంతములు వచ్చినవి. ఫ్రెంచి వైద్యుడు ఇటార్ 1817లో నాలుక క్రింద నుంచుకొనుటకు బంగారముతోనో దంతముతోనో చేసిన చిన్న పంగలకఱ్ఱ వంటి సాధనమును వర్ణించెను. అంతకంటె ఘోరమైనది 1841 నాటి శస్త్రచికిత్స. బెర్లిను నగరమున ప్రసిద్ధ శస్త్రవైద్యుడగు డీఫెన్‌బాఖ్ అంతకు పూర్వము, 1839లో, కంటి కండరమును కోసి మెల్లకన్నును సరిచేసి కీర్తి గడించెను. నత్తియు కండరముల బిగువు వలన కలుగునదే యని ఊహించి, ఆతడు నాలుక మొదట అడ్డముగా కోసి, త్రికోణాకారమగు మాంసఖండమును తొలగించు పద్ధతిని కనుగొనెను. శస్త్రచికిత్సకు ముందు ఈథరు నిచ్చి స్పృహ తప్పించు పద్ధతి 1846లో గాని లోకమునకు వెల్లడి కాలేదు. కనుక ఇది యంతయు రోగి మెలకువగా నుండగనే జరిగినది. అదే యేట ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములందును వైద్యులు పోటీపడి నాలుకలను కోసిరి. లండనులో ఇయర్స్‌లీ అనునాతడు గవదలను కొండనాలుకను తొలగించెను. కోత యైన వెంటనే కొందరు తడబడక పలికిరి. దానిని చూచి చికిత్స సఫలమైనదని ప్రకటించిరి. నత్తి మరల వచ్చుటతో ఆ పద్ధతి కొలదికాలముననే అంతరించెను. డీఫెన్‌బాఖ్ అసమర్థుడు కాడు, మోసగాడును కాడు. ఆయన చేసిన లోపమొక్కటే: ఉపమానమును ప్రమాణముగా గ్రహించుట.

ఇరువదవ శతాబ్దమున వాక్చికిత్స విశ్వవిద్యాలయములందు శాస్త్రముగా కుదురుకొనెను. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయము దీనికి కేంద్రము. అచట లీ ఎడ్వర్డ్ ట్రావిస్ అను ఆచార్యుడు, మెదడు నందలి రెండు భాగములలో ఒకటి రెండవదానిపై తగినంత ఆధిపత్యము వహింపకుండుటయే నత్తికి మూలమనియు, పుట్టుకతో ఎడమచేతివాటము గలవారిని కుడిచేతికి మార్చుట దానికి దోహదమనియు ప్రతిపాదించెను. ఆయన శిష్యుడు వెండెల్ జాన్సన్ స్వయముగా నత్తి గలవాడు. ఈ సిద్ధాంతమును నమ్మి అతడు తన కుడిచేతికి కట్టు కట్టించుకొని ఎడమచేతితో పనులు చేయ నభ్యసించెను. నత్తి పోలేదు.

గురువుగారి సిద్ధాంతము నందు విశ్వాసము కోల్పోయిన జాన్సన్ తానొక నూతన సిద్ధాంతమును నిర్మించెను. నత్తి పిల్లవాని నోట పుట్టదు, తల్లిదండ్రుల చెవిలో పుట్టునని ఆయన వాదము. బాలుర సహజమైన తడబాటునకు పెద్దలు నత్తియని పేరు పెట్టి దిద్దబోవుటచేతనే అది స్థిరపడునని ఆయన చెప్పెను. ఈ తలంపును పరీక్షించుటకు ఆయన పర్యవేక్షణమున 1939లో మేరీ ట్యూడర్ అను విద్యార్థిని డేవెన్‌పోర్టు నందలి అనాథాశ్రమమున 22 మంది బాలురను బాలికలను గ్రహించి పరిశోధన చేసెను. వారిలో సరిగా మాటలాడు ఆరుగురికి మీకు నత్తి యున్నదని మాటిమాటికి చెప్పుట జరిగినది. ఆ పిల్లలు మాటలాడుటకు జంకిరి. ఈ సంగతి 2001లో పత్రికాముఖమున బయటపడగా విశ్వవిద్యాలయము క్షమాపణ చెప్పెను; 2007లో ఆ రాష్ట్రము బాధితులకు నష్టపరిహార మంగీకరించెను. నాటి అంకెలను 2002లో పునఃపరిశీలించిన ఆంబ్రోస్, యాయిరి అను పరిశోధకులు, ఆ పిల్లలకు నత్తి కలిగినదనుటకు ఆధారము లేదని తేల్చిరి. పిల్లలకు బాధ మిగిలెను. సిద్ధాంతమునకు సాక్ష్యము మిగులలేదు.

జాన్సన్ వాదమునకు భాషాశాస్త్రముతో సంబంధించిన మరియొక శాఖ కలదు. ఐడహో రాష్ట్రమందలి బానక్, షొషోని జాతుల భాషలలో నత్తికి పదమే లేదనియు, అందుచే ఆ జాతులలో నత్తివారును లేరనియు 1944లో ఆయన ప్రకటించెను. పేరు లేనిచో వ్యాధి లేదను ఈ మాట మనోహరముగా నుండుటచే పాఠ్యగ్రంథములకెక్కెను. దాదాపు నలువది యేండ్లకు, 1983లో, ఆ భాషలను బాగుగా నెరిగిన లిల్యెబ్లాడ్ అను పండితునితో కూడి కొందరు పరిశోధకులు విచారింపగా, నత్తిని తెలుపు పదములు అచట పెక్కు కలవనియు, నత్తివారును కలరనియు తేలెను. భాష తెలియక చేసిన విచారణ ఎంతటి పొరపాటునకు దారితీయునో ఇది చూపుచున్నది.

బుద్ధిమంతులు ఇన్నిమార్లు ఇట్లు పొరబడుటకు నత్తి స్వభావమే ముఖ్యకారణము. ఇంగ్లండు నందలి న్యూకాసిల్ నగరమున వేయిమందికి పైగా శిశువులను పెరిగి పెద్దవారగు వరకు పరిశీలించిన ఫలితములను ఆండ్రూస్, హారిస్ అనువారు 1964లో ప్రకటించిరి. నత్తి వచ్చిన 43 మందిలో చివరకు అది నిలిచినది 9 మందికి మాత్రమే. యాయిరి, ఆంబ్రోస్‌లు 1999లో ప్రకటించిన పరిశోధనలోను నూటికి 74 మంది పిల్లలు కోలుకొనిరి. అనగా నత్తి వచ్చిన పసివారిలో నలుగురికి ముగ్గురు కాలక్రమమున తమంత తామే బాగుపడుదురు. నత్తి ఒకనాడు హెచ్చుగను ఒకనాడు తక్కువగను ఉండుటయు సహజము. తల్లిదండ్రులు మిక్కిలి హెచ్చుగా నున్ననాడే వైద్యుని వెదకుదురు. పిమ్మట తగ్గుట స్వాభావికమే. ఇట్టి వ్యాధికి వస రాసినను, గులకరాళ్ళు నోటనుంచినను, మ్రొక్కు మ్రొక్కినను నలుగురిలో మువ్వురికి ఫలించినట్లే తోచును. ఫలింపని నాల్గవవానిని ఎవరును లెక్కింపరు. అన్వయము మాత్రమే సాక్షియైనచో ఈ లోకమున ఓడిపోవు చికిత్స లేదు.

వ్యతిరేకమును కనుగొనుటకు మార్గము వైద్యశాస్త్రము నందు 1948లో సుస్థిరమైనది. క్షయరోగమునకు స్ట్రెప్టోమైసిన్ పనిచేయునో లేదో తెలియుటకు బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను గణాంక శాస్త్రజ్ఞుడు రోగులను రెండు వర్గములుగా విభజింపజేసెను. ఎవరు ఏ వర్గమున చేరవలెనో వైద్యుని యిష్టమునకు విడువక, చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయించుట ఇందలి కీలకము. అప్పుడు రెండు వర్గములకును భేదము చికిత్స ఒక్కటియే యగును.

నత్తి విషయమున ఈ పద్ధతికి చక్కని నిదర్శనము లిడ్‌కోంబ్ పద్ధతిని గూర్చిన పరిశోధన. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరమున రూపొందిన ఈ చికిత్సను శిశువునకు చేయువారు తల్లిదండ్రులే. బిడ్డ తడబడక పలికినప్పుడు మెచ్చుకొందురు. తడబడినపుడు అప్పుడప్పుడు మృదువుగా తెలుపుదురు. జాన్సన్ సిద్ధాంతము ప్రకారము ఇది విషముతో సమానము. న్యూజీలాండులో 54 మంది పసివారిని యాదృచ్ఛికముగా విభజించి 29 మందిని ఈ చికిత్సలో చేర్చిరి. 25 మందిని దానిలో చేర్చలేదు. ఫలితములు 2005లో వెలువడెను. తొమ్మిది నెలల పిమ్మట చికిత్స పొందిన వర్గమున తడబడిన అక్షరములు నూటికి 6.4 నుండి 1.5నకు తగ్గెను. రెండవ వర్గమున 6.8 నుండి 3.9నకు తగ్గెను. ఈ రెండవ వర్గపు అంకెయే మన విచారమునకు ప్రాణము. ఆ చికిత్స పొందని పిల్లలకును నత్తి సగమునకు సమీపముగా తగ్గినది! ఆ వర్గము లేకున్నచో మొదటి వర్గమున తగ్గినదంతయు చికిత్సామహిమయే యని చెప్పియుందురు. ఆ వర్గముండుటచే చికిత్సకు న్యాయముగా చెందవలసిన భాగమెంతయో తేలినది. అది స్వల్పమైనది కాదనియు తేలినది.

పరీక్ష సిద్ధాంతకర్తలకు వినయమును కూడ నేర్పును. హాలండులో 199 మంది పిల్లలపై చేసిన పరిశోధన 2015లో వెలువడెను. అందు లిడ్‌కోంబ్ పద్ధతిని, బిడ్డపై మాటల ఒత్తిడిని తగ్గించుటకు ప్రాధాన్యమిచ్చు వేరొక పద్ధతితో పోల్చిరి. పదునెనిమిది నెలలకు మొదటి వర్గమున నూటికి 76.5 మందియు, రెండవ వర్గమున 71.4 మందియు నత్తి లేనివారైరి. ఈ తారతమ్యము గణాంక దృష్టిచే నిర్ణాయకము కాదు. పరస్పర విరుద్ధములని తోచు రెండు పద్ధతులు ఇంచుమించు సమానముగా నుండుట చేత, ఏ సిద్ధాంతియు తనదే సత్యమని గర్వించుటకు వీలులేకపోయెను.

చికిత్సకుని అనుభవమునకు ఇందు విలువ లేదా యని కొందరు ఆక్షేపింపవచ్చును. ప్రమాణమూలకమగు వైద్యమును నిర్వచించుచు శాకెట్ ప్రభృతులు 1996లో, పరిశోధనలందలి సాక్ష్యమును చికిత్సకుని నైపుణ్యముతో జోడింపవలెననియు, రోగి యభీష్టమును గౌరవింపవలెననియు స్పష్టముగా చెప్పిరి. అమెరికాలోని వాక్చికిత్సకుల సంఘము 2005లో ఈ మార్గమునే తన విధానముగా ప్రకటించెను. ఏ బిడ్డకు ఏది తగునో, ఎప్పుడు ఆరంభింపవలెనో అనుభవమే చెప్పగలదు. కాని చికిత్సకు ఫలమున్నదా యను మూలప్రశ్నకు అనుభవమొక్కటే ఉత్తరమీయజాలదు. ఏలయన అనుభవము చికిత్స పొందినవారినే చూచును, పొందనివారిని చూడదు.

భారతదేశమున వాక్చికిత్సకు 1965లో మైసూరున అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వెలసెను. బొంబాయిలో 1983లో స్థాపితమైన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదున శాఖ యేర్పడెను. తెలుగు శాఖలకు ఇందు పని యేమియని యడుగరాదు. పైని చెప్పిన ప్రయోగములన్నియు నూటికి ఎన్ని అక్షరములు తడబడెనను లెక్కపై నాధారపడినవి. మన బాలుడు వచ్చినాడు అనవచ్చును, వచ్చాడు అనవచ్చును, వచ్చిండు అనవచ్చును. ఏ రూపమును వ్రాసికొని లెక్కించుటయో ముందుగా నిర్ణయింపవలెను. పునరుక్తి యంతయు నత్తి కాదు. మెల్లమెల్లగా, గబగబ యనునవి భాషాధర్మములు. మొట్టమొదట యను చోట ఆమ్రేడితము వ్యాకరణసిద్ధము. మొ-మొ-మొదట యను చోట నున్నది వేరు. తెలుగు శిశువు ఏ ప్రాయమున ఏ ధ్వనిని స్థిరముగా పలుకునో, సహజమైన తడబాటు ఎంతవరకో ఆయా మాండలికములందు నిర్ణయించిననాడే చికిత్సకుని లెక్క సరియగును. షొషోని భాష విషయమున జరిగిన పొరపాటు తెలుగు విషయమున జరుగకుండ చూచుట భాషాపరిశోధకుల బాధ్యత.

నాలుకను కోసిన వైద్యుడును, అనాథ బాలికకు లేని నత్తిని అంటగట్టిన పరిశోధకుడును, వస రాసిన అవ్వయు ఉద్దేశమున దుష్టులు కారు. వారందరును బిడ్డల మేలు కోరినవారే. మేలు కోరుట వేరు, మేలు చేసితిమని తెలిసికొనుట వేరు. ఈ రెంటికిని నడుమనున్న అంతరమును పూరించునది వ్యతిరేక పరీక్ష యొక్కటియే. నత్తితో నలుగు బిడ్డ తన బాధను చెప్పుకొనుటకు కూడ మాటలనే నమ్ముకొనవలసినవాడు. అట్టివానికి మన మందించు చికిత్స, మనకు తోచినది గాక, ఫలించునని పరీక్షలో తేలినది కావలెను.