పండుకున్నోడు సైరన్లు లెక్కపెట్టినట్టు

టీవీ గొట్టంలో ఎలక్ట్రాన్ పుంజం కింది అంచు నుంచి మళ్ళీ పైకెళ్ళే విరామమే వర్టికల్ బ్లాంకింగ్. ఎల్సీడీలొచ్చినా అది పోలేదు, డ్రైవర్లు ఫ్రేముల్ని లెక్కపెట్టేది దానితోనే. ఇంటెల్ 845జీ తరం చిప్పుల్లో అసలు ఫ్రేము కౌంటరే లేదు. కరెంటు ఆదాకని ఇంటరప్టు ఆపితే ఆ మధ్య గడిచిన ఫ్రేములు గల్లంతు! లెక్క వెనకబడితే వీడియో ఆగుతుంది.

మన గోదావరిఖనిలో, మందమర్రిలో సింగరేణి సైరన్ షిఫ్టుకోసారి మోగుతుంది. పండుకున్నోడు ఎన్ని మోగాయో ఎట్లా చెప్తాడు? గడియారం చూసి, గడిచిన గంటల్ని 8తో భాగిస్తాడు. లినక్స్ చేసిందీ అదే. 2010లో మారియో క్లైనర్ కచ్చితమైన టైంస్టాంపులు తెచ్చాడు. 2015లో విల్లె సిర్యాలా వాటి తేడాని ఫ్రేము నిడివితో భాగించాడు. 2016 జనవరిలో 4.4 కెర్నెల్ తో అది అందరికీ అందింది.

పాత కంప్యూటర్ని పారెయ్యమనకుండా ఒక భాగహారంతో బతికించారు. నా దృష్టిలో ఇంజనీరింగంటే ఇదే.