మోదుగ పూచే రైలుపట్టణం

ఖరగ్‌పూర్ అనగానే స్ఫురించేవి సుదీర్ఘమైన ప్లాట్‌ఫారం, రైల్వే కర్మాగారం. కాని ఫాల్గుణ, చైత్ర మాసాలలో, ఎండ వేడెక్కే పూట, పట్టణం దాటి హిజ్లీ, గోపాలీ దిక్కుగా నడిచిన వారికి మరొక ఖరగ్‌పూర్ గోచరిస్తుంది. ఎర్రని మొరం నేల, సాలవృక్షాలు, ఆకు రాల్చి నిప్పుకణికల వంటి పూలు తొడిగిన మోదుగలు, జిల్లేడు పొదలపై వాలే నారింజవన్నె సీతాకోకచిలుకలు ఆ నేల సంపద.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ప్రాంతాన్ని కూడలిగా మలచింది. ఉపాధికై శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చిన తెలుగువారు ఇక్కడ తరతరాలుగా స్థిరపడ్డారు. అయితే, తెలుగు మొక్కల పేర్లు వంగదేశం చేరడానికి రైలు కారణం కాదు. అవి అంతకు శతాబ్దం ముందే ప్రయాణం కట్టాయి.

ఆ ప్రయాణానికి కారకుడు విలియం రాక్స్‌బర్గ్. 1780ల దశకంలో సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా ఉంటూ ఆయన చుట్టుపక్కల మొక్కలను స్థానిక చిత్రకారులచేత గీయించి, వాటి తెలుగు పేర్లను సేకరించాడు. 1793లో కలకత్తా సమీపాన శిబ్‌పూర్ వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లాడు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన గ్రంథం 1795–1820 మధ్య మూడు సంపుటాలుగా, 300 చిత్రఫలకాలతో లండన్‌లో వెలువడింది. పేర్లు చెప్పిన పల్లెజనుల పేర్లుగాని, బొమ్మలు గీసిన చేతుల పేర్లుగాని ఆ గ్రంథానికెక్కలేదు.

రాక్స్‌బర్గ్ దృష్టి పూలతో ఆగలేదు. కొండల నుండి తెప్పించిన లక్క కొమ్మలను దాచి ఉంచి, వాటినుండి వెలువడిన పిల్లపురుగులను పరిశీలించి రాసిన వ్యాసం 1791లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. వంగదేశపు దసలి, ఆముదపు పట్టుపురుగులపై మరొక వ్యాసం 1804లో వెలువడింది. మోదుగ లక్కపురుగుకు ఆశ్రయం. మద్ది, సాల వృక్షాలు దసలిపురుగుకు ఆహారం. పశ్చిమ మేదినీపూర్ అడవి అంచున ఈ చెట్లు నేటికీ ఉన్నాయి.

పెరటి కరివేపాకుదీ ఇటువంటి కథే. దాని శాస్త్రీయనామంలోని ‘కోనిగీ’ అనే పదం రాక్స్‌బర్గ్‌కు మిత్రుడైన యోహాన్ కోనిగ్ స్మారకం. ఆయన 1785లో కాకినాడ చెంత జగన్నాథపురంలో కన్నుమూశాడు. తెలుగు ఇల్లాలు పులుసుకై పెంచే ఈ మొక్కపై సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. ఆకు తినే గొంగళిపురుగును దులిపివేయకుంటే, కొద్ది వారాలలో నల్లని రెక్కల సీతాకోకచిలుక పెరట్లోనే దర్శనమిస్తుంది. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట పట్టించుకొని పక్షుల బారినుండి తప్పించుకొనే నారింజవన్నె సీతాకోకచిలుక సైతం అదే వాడలో తిరుగుతుంది.

మోదుగను వంగవాసులు పలాశమంటారు; ఇప్పను మహువా అంటారు. రెండు భాషల నడుమ పెరిగే రైల్వే కాలనీల పిల్లలకు రెండు పేర్లూ దక్కవలసిన ఆస్తి. సామర్లకోటలో పేర్లు చెప్పినవారు వాటిని పుస్తకాలలో నేర్వలేదు. చెట్టు చూపి చెప్పిన పెద్దల వద్ద నేర్చారు. ఒక వసంతపు ఉదయాన పిల్లలను వెంటబెట్టుకొని మోదుగ నీడకు నడిపిస్తే చాలు, గ్రంథానికెక్కని ఆ పెద్దల ఋణం కొంతైనా తీరుతుంది.