దక్కన్ శిలలు: వాటి రక్షణ చరిత్ర

1984 మే 23న బచేంద్రీ పాల్ ఎవరెస్ట్ శిఖరాన్ని చేరారు. ఆ ఘనత సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. అదే సంవత్సరం జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్ ఏర్పడింది. దాన్ని ఆమె చాలా ఏళ్లు నడిపారు. ఉక్కు కర్మాగారంలో పనికోసం తెలుగువారు ఎందరో వెళ్లి స్థిరపడిన ఊరది. దగ్గరలోనే దల్మా కొండలు, వాటిలో ఏనుగుల అభయారణ్యం ఉన్నాయి. ఎంత పెద్ద పర్వతారోహకులైనా మొదటి పాఠం ఊరి పక్క గుట్టమీదే నేర్చుకుంటారు. ఆ గుట్టే లేకుండాపోతే? ఈ ప్రశ్నను హైదరాబాదు అందరికంటే గట్టిగా ఎదుర్కొంది.

హైదరాబాదు చుట్టూ కనిపించే గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూగర్భంలో చల్లబడి గట్టిపడిన ఈ శిల, పైపొరలు కొట్టుకుపోయాక బయటపడింది. పగుళ్లలోకి నీరు దిగి, అంచులు అరిగి, దిమ్మలు గుండ్రటి బండలయ్యాయి. ఎవరో పేర్చినట్టు ఒకదానిమీద ఒకటి నిలిచిన ఆ బండలు నిజానికి అక్కడే పుట్టి అక్కడే అరిగినవి. గోల్కొండ కోట కట్టినవారు వాటిని పగలగొట్టకుండా చాలాచోట్ల గోడలో కలుపుకున్నారు. మనకు ఆ ఓపిక లేకపోయింది. నగరం పెరిగినకొద్దీ కంకర కోసం, ఇళ్ల స్థలాల కోసం గుట్టలను పేల్చారు. ఒకప్పుడు గోల్కొండకు నీరిచ్చిన దుర్గం చెరువు చుట్టూ ఉన్న శిలలు చాలావరకు అలాగే పోయాయి.

1996లో కళాకారులు, ఛాయాచిత్రకారులు, పర్యావరణ ప్రేమికులు కలిసి 'సొసైటీ టు సేవ్ రాక్స్' స్థాపించారు. నగర చరిత్రకారుడు నరేంద్ర లూథర్ దీనికి అధ్యక్షులుగా పనిచేశారు. సభ్యులు ప్రజలను శిలల మధ్యకు నడకలకు తీసుకువెళ్లారు, అధికారులకు విజ్ఞప్తులు చేశారు. ఫలితంగా పట్టణాభివృద్ధి సంస్థ 13వ నిబంధన కింద కొన్ని శిలాప్రదేశాలు వారసత్వ జాబితాకెక్కాయి. భవనాలతో సమానంగా రాళ్లకు చట్టంలో చోటు దొరకడం చిన్న విషయమేమీ కాదు. అయితే ఆ నిబంధనను 2015లో తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. కాగితంమీది రక్షణ ఎంత తేలికగా చెదిరిపోతుందో ఈ రెండేళ్లు చూపాయి.

ఇక భువనగిరి చూడండి. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరుతో ముడిపడిన కోట ఆ ఏకశిలమీద ఉంది. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఆ బండమీదే శిలారోహణ నేర్చుకున్నారు. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు.

క్వారీవాడు మాత్రమే శిలకు హాని చేస్తాడనుకోకండి, ఎక్కేవారూ చేయగలరు. తాడు తగిలించడానికి బోల్టు కొట్టాలంటే రాయిని తొలచాలి. బోల్టు తుప్పుపట్టి ఊడినా రంధ్రం మిగిలిపోతుంది. అందుకే బాధ్యత తెలిసినవారు ఉన్న బోల్టునే పరీక్షించి వాడతారు, చేతి సుద్ద మరకలను బ్రష్‌తో తుడుస్తారు, దారి గుర్తుకు రంగు పూయరు, నడవడానికి పాత కాలిబాటే పట్టుకుంటారు. రాతి అరుగులమీద గుడ్లగూబ గూడు కనబడితే, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ వైపు ఎక్కడం మానుకుంటారు.