ఇంటి లేమి - బాలుర నడత

పేదయింటి బాలుడు పదిపండ్రెండేండ్ల ప్రాయమున దుడుకుచేష్టలు చేసినచో, అది పుట్టుకతో వచ్చిన గుణమని లోకులనుట నేను బడిలో పలుమారు వింటిని. పుట్టుకయా, లేమియా యను సందేహమును దీర్చు వృత్తాంతమొకటి అమెరికా చరిత్రమున గలదు.

1838లో ప్రభుత్వము చెరోకీ జాతివారిని పడమటికి వెడలగొట్టగా, కొందరు ఉత్తర కరొలినా కొండలలోనే నిలిచిరి. వారి సంతతివారిలో పెక్కురు లేమి ననుభవించిరి. 1993లో పరిశోధకులు ఆ సీమయందలి 9 మొదలు 13 ఏండ్ల పిల్లలను, చెరోకీలను ఇతరులను గలిపి 1,420 మందిని, ఏటేట పరీక్షింపదొడగిరి. ఆ పరీక్షలు సగము సాగునప్పటికి చెరోకీలు జూదశాల నొకదానిని తెరచి, లాభములో కొంత తమవారికెల్ల పంచిపెట్టసాగిరి. జూదము స్తుత్యమని నా భావము గాదు. ధర్మరాజు పాట్లు మనమెరుగనివి గావు.

ఆ ధనముచే లేమి తీరిన యిండ్ల పిల్లలలో ఎదురుతిరుగుట, తగవులాడుట మొదలగు దుశ్చేష్టలు, లేమి నెన్నడు నెరుగనివారి మట్టమునకు దిగినవి. లేమి తీరని యిండ్లలో తగ్గలేదు. దిగులు, భయము మాత్రము ధనముచే తొలగలేదు. పరిశోధకులు 2003లో ప్రకటించిన ముఖ్యకారణమిది: తలిదండ్రులకు పిల్లలను కనిపెట్టియుండు తీరిక చిక్కినది.

కావున, పెద్దలారా, బాలుని తప్పు రచ్చబండకు వచ్చినపుడు, దండమునకు ముందు, ఆ యింట వానిని కనిపెట్టియుండుట కెవరికైన తీరిక గలదా యని విచారింపుడు.